ఆర్డరు లేని పదకొండు వేల మొక్కలు

చిట్టియ్య కూతురు దీవెన కన్నతండ్రిని కంప్యూటర్లో ఇరికించి ఉద్యోగం ఊడగొట్టిందన్న మాట మూడు వీధులు దాటింది. పాలకేంద్రం దగ్గర ఒక రకంగా చెప్పుకుంటున్నారు, చర్చి మెట్ల మీద ఇంకో రకంగా. పెళ్ళి సంబంధం దగ్గర తండ్రీకూతుళ్ళకు పడలేదనీ, ఆ కసి ఇలా తీర్చుకుందనీ ఎదురింటి లక్ష్మీదుర్గ దానికో తోక తగిలించింది. ఇందులో పిసరంత నిజం కూడా లేదని వెంకటరత్నమ్మ గారి గట్టి నమ్మకం. లేదని తేల్చే పని ఎవరూ అప్పగించకుండానే ఆవిడ నెత్తిన వేసుకున్నారు.

వెంకటరత్నమ్మ గారిది ఐదో తరగతి చదువు, అరెకరం క్రోటన్ల మడి, చిట్టియ్య ఇంటితో ఉమ్మడి గోడ. ఆ గోడను ఛాతీ ఎత్తుకు మించి లేపడానికి ఆవిడ ఒప్పుకోలేదు. గాలి ఆడదన్నారు. అప్పట్నుంచీ గాలితో పాటు కబుర్లు కూడా ఆ గోడ మీదుగా అటూ ఇటూ ఆడుతున్నాయి. కడియం పక్కన నలభై మంది మొక్కల రైతులు కలిసి పెట్టుకున్న సంఘంలో ఆవిడా సభ్యురాలే. ఆ సంఘం తరఫున లారీలకు మొక్కలెక్కించే మేస్త్రీల్లో అందరికన్నా పాతవాడు చిట్టియ్య. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. అతను పేర్చిన లారీ రాజస్థాన్ వెళ్ళి టార్పాలిన్ విప్పినా మొక్క నిలబడే ఉంటుందని పేరు. దీవెన అదే సంఘం ఆఫీసులో పనిచేస్తుంది. రాజమండ్రిలో డిగ్రీ, విశాఖపట్నంలో ఐదేళ్ళు ఏదో కంపెనీ, ఆ తర్వాత ఇక్కడ.

ఆ పిల్ల చేసే పని ఏంటో అర్థం చేసుకోవడానికి వెంకటరత్నమ్మ గారికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది. పొద్దున్నే దీవెన వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది. పది నిమిషాలు ఊరికే చూస్తుంది. ఒక్కోసారి ఫోను తీసి, "క్రిస్టినా, ఆ ఆర్డరు తెరిచిపెట్టి టిఫిన్‌కి వెళ్ళావా? మూసెయ్యి, నీ వెనకాల ముగ్గురు ఆగిపోయారు" అంటుంది. ఆఫీసేమో అక్కడికి కిలోమీటరున్నర. ఇక్కడ కూర్చున్న మనిషికి అక్కడ గుమాస్తా పిల్ల ఇడ్లీ తింటున్న సంగతి ఎలా తెలిసిందో అంతుపట్టక మొదట్లో ఆవిడ హడలిపోయారు. ఆఫీసంతా కెమెరాలు పెట్టించారన్న పుకారు అప్పుడే పుట్టింది. అది ఏ గోడ దగ్గర పుట్టిందో ఊళ్ళో అందరికీ తెలుసు గానీ ఆవిడ ఒప్పుకోరు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు. "ఊరికే చూస్తూ కూర్చుంటే జీతం ఇస్తారటే అమ్మాయ్?"

"చూసి ఊరుకుంటే ఇవ్వరండి మామ్మగారూ."

ఆ తర్వాత దీవెన ఓపిగ్గా చెప్పుకొచ్చింది. సంఘంలో ఎవరి మడిలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయి, ఎవరు ఎన్నింటికి ఆర్డరిచ్చారు, ఏ లారీకి ఏమెక్కింది, అన్నీ టేబుళ్ళలో ఉంటాయి. టేబుల్ అంటే గళ్ళు కొట్టిన పుస్తకం అనుకోవచ్చు. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ చుట్టరికం ఉంటుంది. ఆ చుట్టాలందరూ కలిసి ఉండే ఇల్లు డేటాబేసు. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారా అని అడగడానికి తను కొన్ని ప్రశ్నలు రాసి పెట్టుకుంది. వాటినే స్క్రిప్టులంటారు. ఏ పుస్తకం ఎంత లావెక్కిందో ఒకటి చెబుతుంది. ఎవరు ఎవరికి అడ్డంగా కూర్చున్నారో ఒకటి చెబుతుంది. క్రిస్టినా ఇడ్లీ సంగతి బయటపడింది దానివల్లే. పుస్తకాలన్నిటికీ రాత్రి తీసిన నకలు సరిగ్గా పడిందో లేదో మరొకటి చెబుతుంది. అయితే నకలు పడినంత మాత్రాన దీవెన నమ్మదు. వారానికోసారి దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి, బతికే ఉందా అని చూస్తుంది.

"ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసినట్టన్నమాట" అని వెంకటరత్నమ్మ గారు తేల్చేశారు.

"అంతేనండి. మీరైతే జాడీ తీసినప్పుడల్లా మీ కోడల్ని నాలుగు తిడతారు. నేను ఎవర్నీ తిట్టను."

ఆ మాటకు ఆవిడ రెండు రోజులు గోడ దగ్గరికి రాలేదు. మూడో రోజు వచ్చారు. అంతకన్నా ఆగడం ఆవిడ వల్ల కాదు.

ఈ స్క్రిప్టుల పుణ్యమా అని దీవెనకు ఊళ్ళో కాస్త పేరూ వచ్చింది, కాస్త భయమూ వచ్చింది. పాస్టరు గారు అడిగారని చర్చి సభ్యుల పట్టికను ఒక మధ్యాహ్నం చూసిపెట్టింది. ఒకే మనిషిని రెండుసార్లు రాసిన చోట్లన్నీ బయటికి లాగే స్క్రిప్టు ఒకటి తన దగ్గర ఉంది, దాన్ని నడిపింది. తీరా చూస్తే ఒక పెద్దమనిషికి మూడుసార్లు బాప్తిస్మం అయినట్టు తేలింది. మూడుసార్లు ముంచినా మారలేదని ఆయన భార్య అందరి ముందూ అనేసింది. అప్పట్నుంచి దీవెన లాప్‌టాప్ తెరిస్తే, చూడకూడనిది ఏం చూస్తుందోనని జనం కాస్త ఒదిగి ఉండటం మొదలుపెట్టారు.

అటువంటి పిల్ల రాసిన స్క్రిప్టు సొంత తండ్రి మీదికే వచ్చింది.

జులై నెలలో దీవెన ఒక కట్టుబాటు పెట్టదలచింది. ఇకమీదట ఆర్డరు లేని లోడింగు చీటీని కంప్యూటరు తీసుకోకూడదు. ఏ చీటీ అయినా ఫలానా ఆర్డరు తాలూకు అని చెప్పుకోవాల్సిందే. కట్టుబాటు పెట్టేముందు పాతవాటిలో దాన్ని మీరినవి ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి, లేకపోతే కంప్యూటరు మొరాయిస్తుంది. అందుకోసం రాసిన స్క్రిప్టు సోమవారం పొద్దున ఆఫీసులో నడిచింది. పద్నాలుగు నెలల్లో ఆర్డరు లేకుండా పడిన చీటీలు ఆరు వందల పన్నెండు. వాటిమీద లారీ ఎక్కిన మొక్కలు పదకొండు వేల మూడు వందల నలభై. ఎక్కించిన మేస్త్రీ నంబరు అన్నింటికీ ఒక్కటే, ఏడు. ఏడో నంబరు చిట్టియ్యది.

స్క్రిప్టు చెప్పిన జవాబు ముగ్గురికి ఒకేసారి మెయిల్లో వెళ్తుంది: సంఘం అధ్యక్షులు మార్కండేయులు గారికి, మేనేజరు మణిశంకర్‌కి, దీవెనకి. ఏ ఒక్కరూ దాచుకునే వీలు ఉండకూడదని ఉద్యోగంలో చేరిన వారంలోనే దీవెన ఆ ఏర్పాటు చేసింది.

మణిశంకర్ రాజమండ్రి నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. మంచి కుర్రాడే. బురద మళ్ళ మధ్య తెల్ల బూట్లతో తిరుగుతాడు, అదొక్కటే లోపం. ఆ మెయిలు చూడగానే లోడింగు షెడ్డుకు వెళ్ళి, నలుగురూ వింటుండగానే చిట్టియ్యను అడిగాడు, ఆర్డరు లేని మొక్కలు లారీ ఎక్కించారా అని.

"ఎక్కించానండి" అన్నాడు చిట్టియ్య.

ఎన్నాళ్ళ నుంచి అంటే, మొదట్నుంచీ అన్నాడు. మనిషి అంత నిబ్బరంగా ఒప్పుకున్నాక ఇంకేం అడుగుతాడు? గురువారం సభ్యుల మీటింగు ఉంది, విషయం అక్కడ తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు. తేలకపోతే ఆ తర్వాత కూడా అక్కర్లేదన్నాడు. చిట్టియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని సైకిలెక్కాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో సోమవారం పూట పదింటికి అతను ఇంట్లో ఉండటం వెంకటరత్నమ్మ గారు అదే మొదటిసారి చూడటం.

మధ్యాహ్నానికల్లా ఆవిడ వంకాయ కూర గిన్నె పట్టుకుని ఆ ఇంట్లో ఉన్నారు. సాయంత్రం ఆ గిన్నె కోసం వెళ్ళారు. మంగళవారం పొద్దున ఫోను రీచార్జి అయిందో లేదో చూడమని వెళ్ళారు, అది అంతకుముందు రోజే అయినా. ఎప్పుడు వెళ్ళినా చిట్టియ్య గుమ్మంలో కూర్చుని అరటినార సన్నగా చీలుస్తూనే ఉన్నాడు. మొక్కలు కట్టడానికి వాడే నార అది. పని లేకపోయినా చేతులు ఊరుకోవు కదా.

"ఏంటయ్యా చిట్టియ్యా, ఇది?"

"కంప్యూటరు అబద్ధం చెప్పదంటండి అమ్మగారూ. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఎక్కడ తేడా వచ్చామో మరి."

"మీ అమ్మాయి ఏమంది?"

"ఏం అడగలేదండి."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"అడక్కుండా ఏం చెప్తామండి."

వెంకటరత్నమ్మ గారికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. చిట్టియ్య భార్య సంపూర్ణమ్మ పెద్దకూతురి పురిటికని నిడదవోలు వెళ్ళింది. ఆవిడ అక్కణ్ణుంచి పూటకోసారి ఫోను చేసి, మీ ఇద్దరికీ నోళ్ళేమైనా పడిపోయాయా అని అడుగుతోంది. తండ్రి ఫోను కూతురికిస్తాడు, కూతురు తండ్రికిస్తుంది. దీవెన ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం వండి, తండ్రికి వడ్డించి, ఆ తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. అడిగినదానికి తప్ప నోరు విప్పని గుణం ఆ పిల్లకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక ఎవరూ వెతకనక్కర్లేదు. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి వెంట షెడ్డుకు వెళ్ళి, కవరు కవరుకూ వేలు చూపిస్తూ లారీలోకి మొక్కలు లెక్కపెట్టేది. రెండు గంటల్లో ఇద్దరి మధ్యా నడిచే మాటలు అంకెలే.

బుధవారానికి వెంకటరత్నమ్మ గారు తన తీర్పు సిద్ధం చేసుకున్నారు. ఆ పిల్లకేం తెలియదు. మిషను తనంతట తానే వెతికింది, తనంతట తానే మెయిలు పంపేసింది. అది చూశాక తండ్రి మొహం చూడలేక మూగనోము పట్టింది పాపం. ఈ తీర్పును ఆవిడ పాలకేంద్రం దగ్గరా, రేషను షాపు దగ్గరా, ఆటో ఎక్కిన ప్రతిచోటా వినిపించారు. పుకారు మూడు వీధులు తిరిగితే ఆవిడ సవరణ ఐదు వీధులు తిరిగింది. నమ్మినవాళ్ళు మాత్రం తక్కువ. మెయిలు వెళ్ళకముందు చూసుకోదా, అంత తెలివైన పిల్ల, అని లక్ష్మీదుర్గ ఒక్క ప్రశ్న వేసింది. వెంకటరత్నమ్మ గారు ఆ రోజు ఇంటికి తొందరగా వచ్చేశారు.

గురువారం పొద్దున పదింటికి సంఘం ఆఫీసు రేకుల షెడ్డులో మీటింగు. వెంకటరత్నమ్మ గారు ముందు వరసలో, ఫ్యాను కింద చోటు చూసుకున్నారు. చిట్టియ్య ఉతికిన చొక్కా వేసుకుని వెనక బల్ల చివర కూర్చున్నాడు. మణిశంకర్ కాగితం చదివాడు. పదకొండు వేలు అనగానే సభ్యుల్లో గుసగుస బయల్దేరింది. అది ఒక చిన్న రైతు మడి అంతా కలిపితే వచ్చే లెక్క.

అప్పుడు దీవెన లేచి ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసింది. తండ్రి వైపు చూడలేదు. నాన్న అనలేదు, చిట్టియ్య అని కూడా అనలేదు. ఏడో నంబరు మేస్త్రీ అంది. ఏడో నంబరు మేస్త్రీ తాలూకు ఆర్డరు లేని చీటీ ఒక్కోదానికి ముందు ఏముందో అడిగితే, స్క్రిప్టు ఇది చెప్పిందంది. ఆరు వందల పన్నెండు చీటీల్లో ప్రతిదానికీ నాలుగు నిమిషాల లోపు ముందే, అదే లారీకి, అదే మొక్కకు, సరైన ఆర్డరు ఉన్న చీటీ ఒకటుంది. రెండో బొమ్మ వేసింది. ఆ ముందు చీటీలో వంద మొక్కలుంటే ఈ చీటీలో ఐదు. రెండొందలుంటే పది. నాలుగొందలుంటే ఇరవై. ఎక్కడా ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

వెనకాల ఎవరో మెల్లగా "కొసరు" అన్నారు.

మార్కండేయులు గారు నెత్తి పట్టుకున్నారు. వందకు ఐదు కొసరు ఇవ్వడం ఆ మళ్ళల్లో తాతల నాటి నుంచీ ఉంది. ఎండకీ, కుదుపులకీ దారిలో నాలుగైదు చస్తాయి కాబట్టి కొన్నవాడికి ముందే ఐదు ఎక్కువ పెట్టి పంపుతారు. దానికి ఆర్డరు ఉండదు. ఉంటే అది కొసరెలా అవుతుంది? ఫోనులో బేరం కుదిర్చిన ప్రతిసారీ, కొసరు మీకు మామూలే లెండి అని పార్టీకి మాటిచ్చేది మార్కండేయులు గారే. కాకపోతే ఐదు ఐదు కలిసి పద్నాలుగు నెలలకు పదకొండు వేలవుతాయని ఆ షెడ్డులో ఎవరికీ తట్టలేదు. కొసరంటే గుప్పెడని కదా అందరి లెక్క.

మణిశంకర్ కుర్రాడే అయినా తెలివి తక్కువవాడు కాదు. ఇదంతా విని, మంచిదండి, కొసరు అందరూ ఇచ్చేదైతే, జాబితాలో ఏడో నంబరు ఒక్కటే ఎందుకుందని అడిగాడు. మళ్ళీ అందరి చూపూ వెనక బల్ల మీదికి పోయింది. చిట్టియ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు మరి.

దీవెన మూడో బొమ్మ వేసింది. ఒక్కో మేస్త్రీ ఎక్కించిన మొక్కలకు మడిలో ఎన్ని తగ్గాయి, చీటీల్లో ఎన్ని ఉన్నాయి, ఆ రెంటికీ తేడా ఎంత. మిగతా మేస్త్రీలందరికీ వందకు ఐదు చొప్పున మొక్కలు మడిలోంచి కదిలాయి గానీ ఏ చీటీలోనూ లేవు. ఏడో నంబరు ఎదురుగా తేడా సున్నా.

వెంకటరత్నమ్మ గారు కుర్చీలో వెనక్కి తిరిగారు. చిట్టియ్య తర్వాత అంత పాత మేస్త్రీ సాల్మన్ అక్కడే గుమ్మం దగ్గర నిలబడి రేకుల వంక చూస్తున్నాడు.

"ఏం సాల్మన్, నువ్వు కొసరు ఇవ్వవా?"

"ఇస్తానండి."

"మరి నీ నంబరు లేదేంటి అందులో?"

సాల్మన్ ఇంకో రెండు రేకులు చూశాడు. "నేను రాయించనండి."

షెడ్డు ఘొల్లుమంది. అప్పుడు క్రిస్టినా లేచింది. ఆర్డరిచ్చిన దానికన్నా ఎక్కువ వేస్తే కంప్యూటరు తీసుకోదనీ, అంకుల్ మాత్రం ప్రతి లోడుకీ తన పక్కనే నిలబడి కొసరుకు వేరే చీటీ కొట్టించేవారనీ చెప్పింది. వదిలేయండి అంకుల్, ఎవరూ రాయించట్లేదుగా అని తను ఎన్నోసార్లు విసుక్కుందట. మడిలోంచి మొక్క కదిలిందంటే చీటీ ఉండాలమ్మా అనేవాడట. అందరూ ఇచ్చిన దానం ఒక్కడే రాయించాడు. రాయించినవాడే దొరికాడు.

మణిశంకర్ చిట్టియ్య దగ్గరికి వెళ్ళి, రేపు పొద్దున్నే లూధియానా లోడు ఉందండి అన్నాడు. అదే క్షమాపణ అనుకున్నట్టున్నాడు. మార్కండేయులు గారు గొంతు సవరించుకున్నారు. నలుగురిలో అడిగిన మాటకు నలుగురిలోనే బదులు చెప్పాలి బాబూ అన్నారు. కుర్రాడు ఎర్రబడి, తప్పుగా అనుకున్నానండి, క్షమించండి అని గట్టిగానే అన్నాడు.

"మీరు అడిగినదానికే చెప్పానండి" అన్నాడు చిట్టియ్య. "ఈసారి కొసరా అని అడగండి. అవునంటాను."

ఇప్పుడు కంప్యూటర్లో కొసరుకని ఒక గడి వచ్చింది. ప్రతి మేస్త్రీ అందులో రాయించి తీరాలి. దాంతో సాల్మన్ రెండు వారాలుగా చిట్టియ్యతో మాట్లాడటం లేదు. చిట్టియ్యకు అది పెద్ద తేడాగా తెలిసినట్టు లేదు.

ఉద్యోగం నిలబడింది, పేరు నిలబడింది. పుకారు మాత్రం చావలేదు. పోనీలే, తండ్రి మంచివాడే, పట్టించింది మటుకు కూతురే కదా అని కొత్త పాట అందుకుంది లక్ష్మీదుర్గ. దాన్ని శాశ్వతంగా పాతిపెట్టాలని వెంకటరత్నమ్మ గారు నిశ్చయించుకున్నారు. అన్ని ఇళ్ళూ తిరిగారు, అందరినీ అడిగారు, ఈ ఒక్క పిల్లను మాత్రం సూటిగా అడగలేదు. శనివారం పొద్దున గోడ మీద రెండు చేతులూ ఆనించి, తనకు కావలసిన జవాబును కూడా కలిపే అడిగారు.

"ఒక్క మాట చెప్పమ్మా దీవెనా. ఆ ఏడో నంబరు మీ నాన్నదని, మెయిలు వెళ్ళకముందు నీకు తెలీదుగా?"

దీవెన లాప్‌టాప్ మూసింది.

"తెలుసండి మామ్మగారూ. ఏ కొత్త స్క్రిప్టయినా ముందు నకలు మీద నడుపుతాను కదా, ఆదివారం చర్చి నుంచి వచ్చాక నడిపి చూశాను. కొసరే అయ్యుంటుందని కూడా అనిపించింది. నాన్నని అడిగితే చెప్పేసేవారు, నేను నమ్మేసేదాన్ని. కూతురు నమ్మిందంటే ఆఫీసులో ఎవరు నమ్ముతారండి? అందుకే అడగలేదు. ఇప్పటికీ అడగలేదండి."